మిగిలిన బజ్జీల లెక్క

కాగితం చేతిలో పెట్టి
ల్యాబు కిటికీలోంచి మద్దిలేటి నవ్వినాడు:
"మ్మా, నీ నెత్తురు సగం బుడ్డల నూనెనే!"
ఎగతాళికన్నాడు గానీ
నాకు నవ్వు రాలేదు.
గుంతకల్లు స్టేషను బయట
ఇరవై రెండేండ్లుగా ఉగ్గాని బజ్జీ బండి నాది.
నూనె ఎవరి ఒంట్లోకి పోతాందో
ఎప్పుడూ లెక్క పెట్టినదాన్ని కాదు.

డాక్టరమ్మ కండ్లజోడు పైకి తోసి అడిగింది,
"ఏం తింటావు ఉసేనమ్మా?"
ఏం చెప్పల్ల?
పొద్దున పిండి కలుపుతా ఒక టీ,
మధ్యాన్నం బాండ్లి తోముతా ఇంకొక టీ,
రాత్రికి
మిగిలింది.

"మిగిలింది అంటే?"

మిగిలింది అంటే మిగిలిందేనమ్మా.
రైలు లేటైతే ఒక్కటీ మిగలదు,
టయానికొస్తే పన్నెండు,
వాన పడితే చెప్పేకి లేదు.
సల్లారి, తోలు మెత్తబడి,
ముసలోళ్ళ మాదిరి ఒకదాని మీదొకటి ఒరిగి ఉంటాయి.
పారేసేకి చేతులు రావు.
శెనగపిండి కిలో ఎంతో నీకూ తెలుసు గదా.
పళ్ళెం ముందరేసుకొని, గోడకానుకొని
ఒక్కొక్కటే తింటా,
ఆకలికి కాదు,
నష్టం కనపడకుండా.

ఆయమ్మ రాసేది ఆపింది.

అప్పుడు తెలిసింది నాకు
ఆ కాగితంలో ఉండేది కొవ్వు కాదు, నా యాపారం.
రెండు వందల డెబ్బై ఎనిమిది అని రాసిన కాడ
పోయిన ఆషాఢం ఉండాది,
ముసురు పట్టిన మూడు దినాలు ఉండాయి,
ప్లాట్‌ఫారం మీదికే టిఫిన్ కొట్టు వచ్చిన ఏడాది ఉండాది.
అమ్ముడుపోని రోజులన్నీ
నరాల్లో దాచిపెట్టుకున్నా
చీటీ డబ్బుల మాదిరి.

కడుపుమంటది వేరే కత.
పదేండ్లుగా మెడికల్ షాపు గులాబీ మందు
సీసా ఎత్తి తాగి, మూతి తుడుచుకొని
మళ్ళా మెరపకాయ చీల్చి వాము కూరేదాన్ని.
బండి కాడొక మంట, లోపలొక మంట.
దానికి గ్యాసు కొనల్ల,
దీనికి ఊరకే వస్తాది.

రాత్రికొక మాత్ర రాసింది డాక్టరమ్మ.
"మాత్ర ఒక్కటే మోయలేదు,
మిగిలింది తినేది మానల్ల" అనింది.
మొదటి రాత్రి కుక్కకేసినా.
నాలుగో రాత్రి కుక్క మూతి తిప్పుకొని పోయె.
దానికెవరు చెప్పినారో!
ఇప్పుడు జొన్నరొట్టె, సొరకాయ పప్పు.
కారం లేని ముద్ద నోట్లో
పరాయోళ్ళింట్లో కూర్చున్నట్టు కూర్చుంటాది.

ఒక దినం బాండ్లి దించుతాంటే
నిన్నటి నూనె, మొన్నటి నూనె, అటుమొన్నటిది,
నల్లగా, చిక్కగా,
నా మొగం నాకే కనపడింది.
గ్యాంగ్‌మన్ కుళ్ళాయప్ప గుర్తొచ్చినాడు.
పోయిన నెల రొమ్ము పట్టుకొని
పట్టాల పక్కన కూలబడితే
అనంతపురం ఎత్తుకపోయినారు.
పదహైదేండ్లు నైట్ డ్యూటీ దిగి
నా కాడనే నాలుగు బజ్జీలు.
మిగిలింది నేను తింటి, సరే.
మిగలంది ఎవరు తినిరి?

పిండి తగ్గించినా.
ఏ దినం నూనె ఆ దినానికే.
ప్లేటుకు ఐదు రూపాయలు పెంచితే
తిట్టేటోళ్ళు తిడతాండారు, తిననీ తిట్లు.

నిన్న కుళ్ళాయప్ప వచ్చినాడు.
చొక్కా పెద్దదైపోయింది మనిషికి.
"బజ్జీ వద్దు మే, ఉగ్గాని ఒక్కటి,
తిరగవాత తక్కువేయి."
జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపిచ్చె.
నేనూ కొంగుముడి ఇప్పి చూపిచ్చినా.
ఒకటే రంగు.
గోలీలు సరిచూసుకునే పిల్లోళ్ళ మాదిరి
కాసేపు చూసుకుంటిమి.
"ఏ పూటకు నీకు?"
"పండుకునే ముందర."
"నాకూ అంతే."
నూనె సంగతి చెబుదామని నోరు తెరిస్తి.
చెప్పలేదు.

రైలు కూసింది.
టయానికే వచ్చింది, ఎప్పుడూ లేంది.
దిగినోళ్ళు దిగినట్టే ఆటోలెక్కి పోయిరి.
పళ్ళెంలో ఐదు మిగిలినాయి.
నేను వాటిని చూస్తాండా,
అవి నన్ను చూస్తాండాయి.