రుచికి గడి లేదు

పదకొండేళ్లుగా నా దగ్గరికి కల్లు
లక్క ముద్ర వేసుకుని వచ్చేది.
సీసాకో నెంబరు, నెంబరుకో సంతకం.
హనుమకొండ ల్యాబులో తెల్లకోటు తొడుక్కుని
క్లోరల్ హైడ్రేటు లేదు, డైజిపామ్ లేదు అని రాసి
మిగిలింది సింకులో ఒంపేదాన్ని.
ఆ సింకు ఎన్ని ఊళ్ల కల్లు తాగిందో!
నేను మాత్రం చుక్క ఎరగను.

మాఘం వెళ్లేముందు ఒక శనివారం
మా అటెండరు పంజాల రాజవీరు
"రేపు మా మండువకు రారాదు మేడం,
నెంబర్లు లేకుండ చూద్దురు" అన్నాడు.

పరకాల దాటినంక ఎర్రమట్టి బాట.
వాళ్లవి పందొమ్మిది తాళ్లు, అంతే.
ఎక్కేది అన్న కొమురెల్లి,
వడపోసేది వదిన స్వరూప,
తీర్పు చెప్పేది తల్లి ఓదెమ్మ,
కళ్లల్లో పొరలు, వేళ్ల మధ్య ఆరిన చుట్ట.

తాటాకు రేక మడిచి దోసిట్లో పెట్టారు.
గ్లాసు లేదా అంటే స్వరూప నవ్వింది:
"గిలాసల పోస్తే కల్లుకు ఊపిరాడదక్కా."

మొదటిది కాలువగట్టు పోతుతాడు.
తియ్యగా వచ్చి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.
ఓదెమ్మ పెదవి విరిచింది:
"కాలువొచ్చినంక దీని కోపం పోయింది బిడ్డా.
కడుపు నిండినోని మాట లెక్క సప్పగైంది."

రెండోది ఇటుకబట్టీ పక్కది.
నాలుక అంచున పొగ, కాలిన ఊక,
ఆ వెనకే పచ్చిజామ ఒగరు.
అలవాటుకొద్దీ నేను
ఏదో రసాయనం పేరు వెతుక్కుంటుంటే
"దీన్ని మేం బీడీల తాడంటం" అందామె.

మడి ఒడ్డున జోడు తాళ్లు.
ఒకే నీళ్లు తాగి ఒకటి పులుపు, ఒకటి తీపి.
రెండూ కలిపితే ఎక్కువ పోతుందని కొమురెల్లి,
కలపొద్దని తల్లి.
"కలిపితే అమ్ముకుంటం గని
ఏది ఎవలదో ఎట్ల తెలుస్తది?"
ఈ తగువు ఇవాల్టిది కాదు,
మోకు భుజాన వేసుకుని అతను సగంలోనే లేచిపోయాడు.

నా చెవులు అప్పటికే వేడెక్కాయి.
ఆ ధైర్యంతోనే పరీక్ష పెట్టాను, నా కొలువే అది కదా.
ముంతలు తారుమారు చేసి ఒక్కొక్కటే అందించాను.
వాసన చూసే మూడు చెప్పింది.
నాలుగోది గుక్కెడు తాగి చెప్పింది.
అయిదోదానికి మటుకు
రేక దించి, చాలాసేపు, ఏమీ అనలేదు.

"గుట్టకింది పండుతాడు."

స్వరూప నా వైపు చూసింది.
గుట్టకింది తాడు నిరుడే
బైపాస్ రోడ్డు కింద పోయింది.
తప్పు చెప్పిందని ఎవరూ అనలేదు.
చెట్టు మీంచే కొమురెల్లి అరిచాడు:
"దాని పండు పడి మొలిచిందే అవ్వా!
మొన్న ఎల్లమ్మకు కాయకొట్టి
మొదటిసారి గీసిన."

ఆ ముంతలో మిగిలింది నాకు పోశారు.
ఏమని చెప్పను,
వాన పడబోయే ముందు రాయి వాసన,
అడుగున ఎక్కడో తేనెపట్టు మైనం,
గొంతు దిగాక తిరిగొచ్చే సన్నని చేదు.
ఓదెమ్మ రేకను దులపలేదు. మడిచి
బొడ్లె సంచిలో దోపుకుంది.

సోమవారం పొద్దున సీసా 214.
లక్క పగలగొట్టాను.
అది లేదు, ఇది లేదు, శాతం ఇంత.
సింకు దగ్గరికొచ్చాక చెయ్యి ఆగింది.
మూతికి ముక్కు ఆనించాను,
ఏ ఊరిదో తెలియదు, చెలక తాడు,
నీళ్లకు చాలా దూరం.

రిమార్కుల గడిలో పెన్సిల్‌తో
"కోపంగా ఉంది" అని రాసి
వెంటనే చెరిపేశాను.
సరిగ్గా చెరగలేదు.
అట్లాగే పై ఆఫీసుకు పంపాను.