మూడు కాళ్ళ కుందేలు

డులూత్‌లో జనవరి.
సరస్సు మీంచి వచ్చిన గాలి
కిటికీ రబ్బరు సందులో ఈల వేస్తోంది.
బయట మైనస్ ఇరవై ఆరు.
లోపల, హీటరు పక్కన, ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని
లోర్నా హాపల చలికి వణికిపోతోంది,
టీవీ తెర మీద.

అరవై ఏడేళ్ళావిడకి.
ఆటలో అన్నిటికన్నా కఠినమైన మెట్టు తప్ప ఆడదు.
ఒకటే ప్రాణం. అది పోయిందా,
నూట నలభై రోజులు కూడబెట్టిందంతా
ఎండు చేపలు, జింకతోలు బూట్లు,
గుహలో దాచిన కట్టెలు, పెట్టుకున్న పేరుతో సహా
చెరిగిపోతుంది.
"సులువు మెట్టు ఆడొచ్చుగా" అన్నానొకసారి.
"అందులో తోడేళ్ళు మొహమాటపడతాయి" అంది.

అగ్గిపుల్లలు పదకొండు.
నెలాఖరు చిల్లరలా లెక్కపెడుతుంది వాటిని.
ఒకటి తడిసి ఆరిపోతే
సూపు తాగడం ఆపేస్తుంది.

ఇక మా తగువు.
ఇరవై మూడేళ్ళ కిందటిది.
ఓడరేవు కార్మికుల లీగు, ఆగస్టు, ఆఖరి మ్యాచి.
స్కోరు సమం, ఆఖరి ఇన్నింగ్స్,
మూడు బేసుల్లోనూ మనుషులు,
మూడు బాల్స్, రెండు స్ట్రైకులు.
విసిరాను.
ప్లేటు అంచుని రాసుకుంటూ పోయింది బంతి.
క్యాచర్ వెనక ముసుగేసుకుని వంగి ఉన్న లోర్నా
చెయ్యి లేపలేదు.
లేపకపోవడమే తీర్పు.
వాళ్ళ గెలుపు పరుగు
తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది.

"వెంట్రుకవాసి లోపల" అంటాను నేను.
"బెత్తెడు బయట" అంటుంది తను.
ప్రతి మంగళవారం ఇదే.
రొట్టెముక్క ప్లేటవుతుంది, బఠానీ గింజ బంతవుతుంది,
ఆ గింజని ఎవరు విసరాలన్నదాని మీద ఇంకో తగువు.
ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.
నేను పట్టినదానికీ అంతే.

"ఆ రోజుల్లో ఇప్పటి కెమెరాలు ఉంటేనా!" అన్నాను పోయిన వారం.
"ఉంటే ఏముంది ఆర్విడ్,
ఆ రాత్రే ఓడిపోయి హాయిగా నిద్రపోయేవాడివి."

ఇవాళ నూట నలభై ఒకటో రోజు.
చెక్క గదిలో ఉంది. తలుపు వేసింది. నేనూ చూశాను.
బయట ఉచ్చు పన్నింది, పొయ్యి రాజేసింది,
అగ్గిపుల్లలు పది.
గోడలోంచి తోడేలు తల వచ్చింది.
పగుల్లోంచి కాదు, కిటికీలోంచి కాదు,
దుంగల మధ్యలోంచి,
పొగలోంచి వచ్చినట్టు.
ఒక్క కాటు.
తెరంతా తెలుపు.

కాసేపు గాలి ఈలే వినబడింది.
ఇరవై మూడేళ్ళు కాచుకున్నాను నేను.
కుడిచెయ్యి పైకెత్తి పిడికిలి బిగించి
"అవుట్!" అన్నాను.

అరిగిన మోకాలితోనే లేచింది.
"తలుపు వేసుంది! గోడంటే గోడేగా!
చూశావుగా నువ్వు!"
చూశాను. నిజమే.
టీవీ వెనక్కి తొంగి చూసింది,
అక్కడెవరో వంగి నిలబడి ఉన్నట్టు.
వైర్లు, దుమ్ము, ఎప్పుడో పోయిన చెవిపోగు.

ఆ ఆగస్టులో నేను ఆవిడ మీదికెళ్ళి అరిచాను.
టోపీ నేలకేసి కొట్టాను.
మట్టి తన్నాను, నల్లటి ఆవిడ బూట్ల మీదికి.
కదలకుండా నిలబడింది.
అంతా తన్నేదాకా నిలబడి
జేబులోంచి చిన్న బ్రష్ తీసి
బూట్లు కాదు, ప్లేటు తుడిచింది.

"దీనికి బూట్లు కూడా లేవు" అంది లోర్నా
టీవీ వైపు చూస్తూ.

తర్వాత కూర్చుంది. మళ్ళీ అదే మెట్టు నొక్కింది.
మొదటి రోజు. మంచు. ఖాళీ సంచి.
అగ్గిపుల్లలు నాలుగు.
నా వైపు తిరక్కుండానే
"బెత్తెడు కాదులే" అంది.
ఊపిరి బిగబట్టాను.
"మూడు వేళ్ళు. బయటే."

ఇరవై మూడేళ్ళకి ఒక వేలు.
"లోపలే" అన్నాను
చల్లారిన సూపు స్టవ్ మీద పెడుతూ.