లక్ష దాటితేనే

కొత్తపేటలో మెట్లకింద మా ల్యాబు.
పొద్దున ఏడున్నరకే వచ్చిందామె,
చెంగుకింకా మిరప ఘాటు,
పేరు రాస్తుంటే నాకు రెండు తుమ్ములు.
షేక్ మీరాంబీ, నలభై మూడు, తొడిమెలు తీసే పని.

"వేడి చేసిందనుకున్నానమ్మా.
సబ్జా తాగా, బార్లీ తాగా.
మంటంటే మాకు కొత్తేం కాదుగా,
చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి,
ఇదీ అదేలే అనుకున్నా."

డబ్బా ఇచ్చి రోజూ చెప్పేదే చెప్పాను:
కడుక్కోండి, మొదటిది వదిలెయ్యండి,
మధ్యలోది పట్టండి, మూత లోపల వేలు పెట్టొద్దు.
వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు.
బయట షుగరు పరీక్షలవాళ్ళ గొణుగుడు.

మబ్బు పట్టిన ఒంటేలు, గోరువెచ్చగా.
ముక్కు మూసుకునే రోజులు నాకెప్పుడో పోయాయి.
తీగ చివరి ఉంగరాన్ని ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి,
మిల్లీలీటరులో వెయ్యో వంతు తీసి
పళ్ళెం మీద అరక తోలినట్టు
సాళ్ళు సాళ్ళుగా గీశాను.
ఇంక్యుబేటర్లో ముప్పై ఏడు డిగ్రీలు.
బయట గుంటూరు నలభై నాలుగు.

మర్నాటికి సాళ్ళ నిండా గులాబిరంగు చుక్కలు,
నూరు దగ్గరే లెక్క మానేశాను.
మా లెక్కలో లక్ష దాటితేనే జబ్బు.
రాశాను, లక్ష పైన.
కిలోకింత అని తొడిమెలు తీసే మనిషి
పేరు పక్కన లక్ష పడటం
ఇదే మొదటిసారేమో.

బిళ్ళలు పెట్టి ఇంకో రోజు ఆగాను.
రెండు బిళ్ళల అంచుదాకా ఆనుకుని పెరిగాయి,
మందుల షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చే రకాలవి.
ఒక్కదాని చుట్టూ మాత్రం నున్నగా ఖాళీ జాగా.
స్కేలు పెట్టి కొలిచాను, ఇరవై మిల్లీమీటర్లు.
మందు దొరికింది.

కాగితం తీసుకుంటూ అంది,
"కోల్డ్ స్టోరేజీలో నీళ్ళు తాగమమ్మా.
తాగితే వెళ్ళాలిగా.
దానికి తలుపు లేదు, గోతాం కట్టారు.
పొద్దుగూకేదాకా బిగబట్టుకోవడమే."

నా కాగితంలో
రంగుకీ, చీము కణాలకీ, అన్నిటికీ గళ్ళున్నాయి.
గోతానికి గడి లేదు.

"నీళ్ళు బాగా తాగండి" అన్నాను,
అంటూనే నాలిక కరుచుకున్నాను.

వెళ్ళబోతూ ఆగింది.
"ఇవాళ పరీక్షేం లేదుగానీ
ఒక్కసారి వెళ్ళొస్తానమ్మా. మీదానికి గడియ పడుతుంది."
డబ్బా లేకుండానే వెళ్ళింది.

లోపల గడియ పడ్డ చప్పుడు,
తర్వాత కుళాయి,
చాలాసేపు.