ఖాళీ బండి తూకం

జూన్ నెలంతా చిత్తూరు తోతాపురి వాసన.
గుడిపాల దారిలో గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన
నా గది. ఒక ఫ్యాను, ఒక కిటికీ,
ఎర్రంకెలు వెలిగే ఒక పెట్టె.
నిండు లారీ కాటా ఎక్కుతుంది, రాసుకుంటా.
కాయ దించేసి వస్తుంది, మళ్లీ రాసుకుంటా.
పదకొండేళ్లుగా నాకు తెలిసిన లెక్క
ఈ తీసివేత ఒక్కటే.

ఉగాది పోయినాక ఒకరోజు
లారీలు లేని పూట, నేనే ఎక్కాను కాటా.
ఎనభై అంది.
పది కిలోల లోపు తేడాలు దానికి కనబడవు.
మందుల షాపు మిషను ఇంకా నిక్కచ్చి మనిషి:
డెబ్బై తొమ్మిదీ ఆరువందలు.

ఆ సాయంత్రమే సంగటి తెడ్డు అటకెక్కింది.
పొద్దున నిమ్మకాయ నీళ్లు,
మధ్యాహ్నం రెండు కీరకాయలు,
రాత్రికి మజ్జిగ. పేరుకు మజ్జిగ.
మొదటి వారం మూడు కిలోలు పొయ్యింది.
పండగ చేసుకున్నా,
పండగంటే ఒక కీరకాయ మానెయ్యడం.

నాలుగో వారానికి
దువ్వెన నిండా నా జుట్టే.
ఆ మండుటెండలో చేతులు మాత్రం చల్లగా.
పక్కింటి కుక్కర్ విజిల్ వేస్తే ఏడుపొచ్చేది,
అది కోపమో ఆకలో విడదీసి చెప్పలేను.
తూకం గదికి ఉన్నవి మూడే మెట్లు.
మూడోదాని దగ్గర గోడ పట్టుకునేదాన్ని.

బంగారుపాళ్యం మొగిలప్ప బండి వచ్చిన రోజు
ఎర్రంకెలు ఈగల్లా లేచినాయి.
పద్దెనిమిది టన్నుల నిండు బండిని
పదమూడని రాశాను.
ఐదు టన్నుల కాయ,
ఒక మనిషి ఏడాది,
నా పెన్ను కొసన మాయం.

చీటీ రెండుసార్లు చదివి
ఆయన అరవలేదు. టిఫిన్ క్యారేజీ తెరిచాడు.
సంగటి, ఊరిబిండి, ఎండు అనపగింజల పులుసు.
"ముందు తినమ్మా" అన్నాడు,
"నా దుడ్డు నీ చేత్తో కదా రాసేది."
దయో జాగ్రత్తో అడగలేదు.
తిన్నాను.
మళ్లీ తూచాం. పద్దెనిమిది.

ఆసుపత్రిలో నర్సు షంషాద్ వేళ్లు మడిచి చెప్పింది:
"కదలకుండా పడుకున్నా సరే,
గుండె కొట్టుకోను, ఊపిరాడను
నీకు పద్నాలుగువందల క్యాలరీలు కావాల.
నువ్వు ఇచ్చేది నాలుగువందలు.
మిగతా వెయ్యీ ఎవరి జేబులోంచి అనుకున్నావు?"

దారంతా నవ్వుకుంటూ, సిగ్గుపడుతూ వచ్చాను.
ఖాళీ బండి బరువని రిజిస్టర్లో ఒక గడి ఉంది.
ఇరుసు, చక్రాలు, ఇంజను, ఆయిలు.
దాంట్లో కోత పెట్టి
సరుకు తగ్గిందన్న డ్రైవరును
నేనే గేటు దగ్గర ఎన్నిసార్లు పట్టుకోలేదూ!

ఇప్పుడు తెడ్డు కిందికి దిగింది.
ముద్ద చిన్నదే, కానీ రోజూ ఉంటుంది.
మునగాకు పప్పులో చెంచాడు నెయ్యి,
పొద్దున ఉడకబెట్టిన గుడ్డు,
నాలుగింటికి ఉలవ గుగ్గిళ్లు లేదా
పిడికెడు చెనక్కాయలు.
మూసిన పిడికిలి, దోసిలి కాదు.
ఫ్యాక్టరీలో ఉండి మామిడి వద్దంటే పాపమని
క్యాంటీను ధనకోటి రెండు బద్దలు పెడుతుంది.
కాదనను.
పోయినవల్లా బేకరీ పఫ్ఫులు,
రోజుకు ఆరుసార్ల చక్కెర టీ,
నిద్ర రాని రాత్రుల మిక్చరు పొట్లం.
చివరిది ఇంకా పూర్తిగా పోలేదు.

నెలకు కిలోన్నర తగ్గుతున్నా,
తగ్గని నెలా ఉంది.
మొన్న సీజన్ ఆఖర్న కాటా ఎక్కి చూశా.
ఎనభై.
దానికి నేనింకా పాత మనిషినే.

బయట మొగిలప్ప హారన్ కొట్టాడు.
దిగి, మూడు మెట్లూ ఎక్కి,
అంకె ఒకటికి రెండుసార్లు చూసి
రాసుకున్నా.