అరవై రెండు కిలోలు

సిరొంచ తాటివనంల
ప్రాణహిత ఇసుక బస్తాకెత్తి
కాంట మీద పెట్టమన్నడు మడావి సారు.
"మనిషంత బరువుండాలె."

ఎంతనో ఎవ్వరం చెప్పలే.
లొట్లు కడుగుతున్న రాజక్క
తలెత్తకుండనే అన్నది:
"అరవై రెండు."

మూడేండ్ల కింద ఓదెలు
కాలు జారి తలకిందులై
మోకుకు వేలాడిన నాడు
కింద మేం దుప్పటి నాలుగు మూలలు పట్టుకొని
మెడలు నొచ్చేదాంక పైకి చూసినం.
ఎక్కుడు అందరికొచ్చు.
ఇంకొకన్ని దింపుడు ఒక్కనికీ రాదు.
అహేరి నుంచి నిచ్చెన బండి వచ్చేసరికి
పొద్దు గూకింది.

ఇయ్యాల నా తొడలకు పట్టీలు, నెత్తిన పసుపు టోపీ,
నడుముకు రెండో తాడు.
ముత్తాదు మీదనే నమ్మకం పెట్టొద్దంటడు సారు.
నా తాత వింటే నవ్వు.

"పోతూ పోతూ మాట్లాడు! బోలత్ రాహా!"
కిందికెల్లి మరాఠీల కేకేస్తున్నడు.
"తెలివి ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

బస్తాతోని ఏం మాట్లాడుత?
సగం చెట్టు దాంక నోరు లేవలే.
తర్వాత అన్న:
నీ నూటిరవై నా దగ్గర్నే ఉన్నయి.
నీ కత్తి సాన పట్టిచ్చిన.
వాగు గడ్డ మీది నీ చెట్టు
ఈ యేడు రెండు పూటలా పారుతున్నది.
కాళ్లు కదిలియ్యి. కదిలియ్యిరా.

దించిన. పద్నాలుగు నిమిషాలు.
"పదికి రావాలె" అన్నడు సారు
గడియారం చూస్తూ. "మళ్ల."

రాజక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి
బస్తా మూతి విప్పి
గట్టిగ బిగించి కట్టింది.
ఇసుక కారుతున్నదట.