రెండేళ్ళు

చిలకపాలెం కూడలి దాటినా
బస్సు ఊపిరి వినిపించదు.
లేని ఇంజను మోత కోసం
మజ్జి దండాసి చెవి ఇంకా వెతుకుతూనే ఉంటుంది,
ముప్పై ఏళ్ళ డీజిలు అలవాటు.

వెనక సీట్లో నేను, ఒళ్ళో లాప్‌టాప్.
మిగతా సీట్లలో మనుషుల బదులు ఇసుక బస్తాలు.
నెత్తిమీద సిలిండర్లలో హైడ్రోజన్,
కాళ్ళ కింద బ్యాటరీ.
ఎవరు ఎప్పుడు ఎంత లాగాలో చెప్పే పట్టిక నాది:
ఎనిమిది నెలలు, పదకొండు వందల గళ్ళు.

మడపాం వంతెన దాకా పట్టిక మాట విన్నది.
కింద వంశధార, ఇసుకలో ఒక పక్కకి ఒత్తిగిలి.

నరసన్నపేటలో సంత.
గుమ్మడికాయల ఆటో అడ్డం, ఎండుచేపల గంపలు అడ్డం,
బ్రేకు, కదలిక, బ్రేకు,
ఒక మేక,
మళ్ళీ బ్రేకు.
బ్యాటరీ ముప్పై ఒకటికి జారింది.
పట్టిక బెదిరిపోయి ఫ్యూయల్ సెల్‌ని ఒక్కసారిగా అదిలించింది,
వద్దంది, మళ్ళీ అదిలించింది.
గాలి అందక దాని వోల్టేజి
చీకట్లో మెట్టు తప్పిన మనిషిలా కూలింది.
ఎర్ర దీపం.

దండాసి పక్కకి తీసి ఆపాడు.
తెర మీది గీతల్ని చాలాసేపు చూశాడు.
"ఇందల ముసిలెద్దు ఏది?"
చూపించాను.
"మరి దాన్నెందుకమ్మా అలగ పొడుస్తావు?
నిమ్మళంగా పోనిస్తే పొద్దుగూకేదాకా లాగుతాది.
గుంటెద్దు దూకుతాది, బేగి అలిసిపోతాది.
అది అలిస్తే మా అయ్య
కాడికి కట్టిన తాడు ముసిలిదాని వైపు జరిపేవోడు.
ఒక్కపాలి కాదు. సాలుకి రెండేళ్ళు."
స్టీరింగు మీద వేళ్ళు ఆన్చి కొలత చూపించాడు.

పొగ గొట్టం ఉండాల్సిన చోట నీటిబొట్లు.
కుక్క ఒకటి నాకి చూసి
రుచీ పచీ లేదని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఎచ్చెర్ల షెడ్డులో
సగం గళ్ళు చెరిపేశాను.
సెల్ మీద బరువు పెరిగినా తగ్గినా
క్షణానికి ఇంతే, అని ఒక్క వరస రాశాను.
ఆ 'ఇంత'కి పేరు కావాలంది కంప్యూటరు.
రెండేళ్ళు అని కొట్టాను.

వారం తిరిగి మళ్ళీ సంత.
అదే మేకో, దాని చెల్లెలో, అడ్డం వచ్చింది.
బ్యాటరీ ముప్పై ఎనిమిది దగ్గర
కాస్త తడబడి నిలబడింది.

హైదరాబాదు నుంచి ఫోను.
"ఈ రెండేళ్ళు ఏమిటి? వారంటీ గడువా?"
"కాదు సార్," అన్నాను.
ఫోనుకి కనబడదని తెలిసీ
రెండు వేళ్ళు జోడించి గాల్లోకి ఎత్తాను.