మందం

మా సండర్లాండ్‌లో ఆ మాటకి చాకిరీ ఎక్కువ.
వేర్ నది మీద తెల్లారగట్ల దట్టంగా కమ్మే మంచు, థిక్.
గరిట నిలబడేంత చిక్కగా అమ్మ కాచే బఠాణీ సూపు, థిక్.
నాన్న దళసరి కోటు, థిక్.
ఒకే సిగరెట్టు పంచుకునే ఇద్దరు నేస్తాలు కూడా
థిక్కే.
మా అన్న నోరిస్ కూడా.

ఆ ఆఖరిది ప్రింగిల్ మేష్టారు తేల్చారు,
తొమ్మిదో ఎక్కం మధ్యలో.
వేళ్ళ కణుపులతో వాడి నడినెత్తిన
తలుపు తట్టినట్టు తట్టి,
చెవి ఒగ్గి విని,
"థిక్. లోపల ఎవరూ లేరు" అన్నారు.
క్లాసంతా గొల్లుమంది.
నేనూ నవ్వాను.
నాకు ఏడేళ్ళు, ముందు బెంచీ.
వాడికి తొమ్మిది, నా వెనకే.
ఈ రెండు ముక్కలు రాయడానికి
అరవై ఏళ్ళు పట్టింది నాకు.

తరవాత నేను లైబ్రరీలో కుదురుకున్నాను.
పని లేని మధ్యాహ్నాల్లో నిఘంటువు తిరగేసేదాన్ని.
ఆ మాటకి తొలి అర్థం:
ఈ ముఖానికీ ఆ ముఖానికీ నడుమ ఉన్న దూరం.
తెలివితక్కువ అన్నది ఎక్కడో అడుగున,
సన్నక్షరాల్లో,
ఇంటికి పిలవని చుట్టంలా.
ఆ పేజీ వాడికి చూపిద్దామని రెండుసార్లు అనుకున్నాను.
పుస్తకం కనబడితే చాలు
వాడు చేతులు జేబుల్లో దాచుకుంటాడు.

పదిహేనేళ్ళకే షిప్‌యార్డులో చేరాడు.
అక్కడా పొద్దస్తమానం అదే మాట,
కాకపోతే ఇనుముని.
ఎంత థిక్? అరంగుళం.
ఇది? దానికి వీసమెత్తు తక్కువ.
చూపుతోనే చెప్పేవాడట.

డెబ్భై నాలుగు, ఫిబ్రవరి.
డ్రైడాక్‌లో ఒక నార్వే ఓడ.
కాలేజీ నుంచి కొత్తగా దిగిన ఇంజనీరు
డబ్బాలాంటి మిషను తెచ్చి
పక్క పొడవునా అక్కడక్కడ ఆనించాడు.
అంతా బాగానే ఉందంది మిషను.
నోరిస్ ఆ పక్కనే
కణుపులతో తడుతూ నడిచాడు.
పదకొండో రేకు దగ్గర ఆగాడు.
మళ్ళీ తట్టాడు.
చెవి ఒగ్గాడు.
"ఇక్కడ లోపల ఎవరూ లేరండీ" అన్నాడు.

బెజ్జం వేసి చూస్తే
వెనకంతా తుప్పు తినేసి
బిస్కెట్టంత పల్చన.

"నీకెలా తెలిసింది?" అని ఇంజనీరు.
"నేను థిక్ కదండీ,
నా జాతి ఎక్కడుందో నాకు తెలీదూ?" అని వీడు.
యార్డు యార్డంతా పగలబడి నవ్విందట.

ఆ సాయంత్రం మా వంటింట్లో
తనే చెప్పాడిదంతా, బూట్లయినా విప్పకుండా,
కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతూ.
ఈసారి నేను నవ్వలేదు.

ఈసారే నవ్వాల్సింది కాబోలు.
వాడు ఠక్కున ఆగి,
నా ముఖంలోకి కాసేపు చూసి,
సూపు చల్లారిపోతోంది తాగు, అన్నాడు.